రాజకీయ వార్తలు చూసి చూసి మనసు అలసిపోతే: నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ఏం జరుగుతోంది

2018 డిసెంబరులో ఎన్నికైన శాసనసభ ఐదేళ్లు పూర్తి చేసుకునేలోపే ఉమ్మడి నల్లగొండ జిల్లా మూడు ఉప ఎన్నికలు చూసింది. 2019 అక్టోబరులో హుజూర్‌నగర్, 2021 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్, 2022 నవంబరులో మునుగోడు. మునుగోడు నియోజకవర్గంలో ఒక పల్లెటూరి ఓటరును తీసుకోండి. 2018 డిసెంబరులో ఎమ్మెల్యేకు ఓటేశారు. 2019 జనవరిలో సర్పంచికి, ఏప్రిల్‌లో భువనగిరి ఎంపీకి, మేలో ఎంపీటీసీ, జడ్పీటీసీలకు. 2022 నవంబరు 3న ఉప ఎన్నిక. 2023 నవంబరు 30న మళ్లీ ఎమ్మెల్యే, 2024 మే 13న మళ్లీ ఎంపీ, 2025 డిసెంబరులో మళ్లీ సర్పంచి. డిగ్రీ చదివి పట్టభద్రుల జాబితాలో పేరు రాయించుకుంటే 2021 మార్చి, 2024 మే కూడా కలుపుకోవాలి.

ఇవి ఓటు వేసిన రోజులు మాత్రమే. మునుగోడులో రాజీనామా ఆగస్టులో జరిగింది, పోలింగ్ నవంబరులో. ఆ మూడు నెలలు చండూరు, మర్రిగూడ, నాంపల్లి, చౌటుప్పల్ వీధుల్లో మైకులు, కండువాలు, కార్లు, కెమెరాలే. దేశంలోనే ఖరీదైన ఉప ఎన్నిక అని పేరు పడిపోయింది. పోలింగ్ 93 శాతం దాకా నమోదైంది.

ఇంత మీద పడితే మనిషి అలసిపోవడం సహజమే. కానీ ఎన్నికలు లేని నెలల్లో కూడా ఈ అలసట తగ్గడం లేదని చాలామంది చెప్తున్నారు. పొద్దున లేవగానే చేయి ఫోన్ మీదికే పోతుంది. పది నిమిషాలు చూసేసరికి తల బరువెక్కుతుంది. చిన్న మాటకే పిల్లల మీద అరుస్తారు. రాత్రి మంచం మీద పడుకున్నాక కూడా, టీవీలో ఎవరో అన్న మాటకు మనసులోనే జవాబులు చెప్తుంటారు. కొన్నాళ్లకు ఇంకో దశ వస్తుంది. "అందరూ అందరే, ఎవరొస్తే నాకేంది" అనేస్తారు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ ఆఖరి మాటే. నిద్ర పట్టకుండా పోయినా రెండు రోజుల్లో తిరిగి రావచ్చు. ఊరి మీద, ఓటు మీద పట్టింపు పోతే అంత తేలిగ్గా రాదు.

ఈ అలసట ఎక్కడి నుంచి వస్తోందో విడదీసి చూడాలి. రాజకీయం ఎక్కువై వస్తోందని అందరూ అంటారు. నా ఉద్దేశంలో, మనం చేయగలిగింది ఏమీ లేకుండా గంటల తరబడి చూడాల్సి రావడం వల్ల వస్తోంది. ఈ రెండింటికీ తేడా ఉంది, మందు కూడా వేరు.

ముందు రాత్రి ఏడు గంటల టీవీ చర్చను దగ్గరగా చూద్దాం. తెర మీద నలుగురు నాలుగు డబ్బాల్లో ఉంటారు. కింద ఒకటి కాదు, రెండు మూడు వరసల్లో అక్షరాలు పరుగెడుతుంటాయి. మూలన ఎర్రటి పట్టీ మీద "బ్రేకింగ్" అని ఉంటుంది. ఆ బ్రేకింగ్ మధ్యాహ్నం రెండింటికి వచ్చినదే. యాంకర్ ఒకాయనను ప్రశ్న అడుగుతారు. ఆయన రెండో వాక్యంలో ఉండగానే రెండో డబ్బాలో ఉన్నాయన అందుకుంటారు. మూడో ఆయన వేలు చూపిస్తుంటారు. గొంతులు బాగా పెరిగాక బ్రేక్ వస్తుంది. బ్రేక్ తర్వాత మళ్లీ అదే ప్రశ్న. ఎనిమిదింటికి చర్చ అయిపోతుంది, తేలిందేమీ ఉండదు. మర్నాడు ఇంకో గొడవ, దాదాపు అవే ముఖాలు.

కూర్చున్న చోటు నుంచి కదలకపోయినా మన ఒళ్లు ఆ గంటసేపు ఊరికే ఉండదు. ఇంట్లో ఎవరైనా గట్టిగా అరిస్తే గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. అరుపు టీవీలోంచి వచ్చినా కొంతవరకు ఇదే జరుగుతుంది. నిజమైన గొడవైతే అరిచిన మనిషికి ఎదురు చెప్తాం, లేదా అక్కడి నుంచి లేచిపోతాం. ఏదో ఒకటి చేశాక ఒళ్లు చల్లబడుతుంది. టీవీ ముందు ఈ రెండూ ఉండవు. ఆ బిగువుతోనే అన్నం తింటాం, ఆ బిగువుతోనే పడుకుంటాం.

శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నల్లగొండ జిల్లా దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న నీళ్లు ఆ సొరంగంలోంచే రావాలి. కాబట్టి దేవరకొండ వైపు ఇళ్లలో అది ఎక్కడో జరిగిన ప్రమాదంగా ఎవరికీ అనిపించలేదు. టీవీ పెట్టారు, ఇక ఆపలేదు. లోపల బురద, నీళ్లు, యంత్రం ముక్కలు. బయట కెమెరాలు. కొత్త కబురు రోజుకు ఒకటి రెండు ఉంటే ఎక్కువ, ప్రసారం మాత్రం రోజంతా. మధ్య మధ్యలో తప్పు ఎవరిదని పార్టీల తగువు. ఎనిమిది మందిలో ఎవరూ ప్రాణాలతో బయటపడలేదు. వారాల తరబడి రోజుకు ఐదారు గంటలు అది చూసినవాళ్లకు ఆ కూలీల గురించి గానీ, సొరంగం గురించి గానీ, రోజుకు పది నిమిషాలు చదివినవాళ్ల కంటే ఎక్కువేమీ తెలియలేదు. బెంగ మాత్రం మిగిలింది.

దీని మీద గట్టి పరిశోధన ఒకటుంది. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. ఆ తర్వాత 4,600 మందికి పైగా పెద్దవాళ్లను ప్రశ్నించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. పేలుడు తర్వాతి వారంలో రోజుకు 6 గంటలు, అంతకంటే ఎక్కువ ఆ వార్తలు చూసినవాళ్లలో తీవ్రమైన ఒత్తిడి లక్షణాలు, పేలుడు చోట స్వయంగా ఉన్నవాళ్లలో కంటే ఎక్కువగా కనిపించాయి. అక్కడున్నవాళ్లకు ఆ ఘటన ఒకసారి జరిగింది. టీవీ ముందు కూర్చున్నవాళ్లకు అది రోజుకు యాభైసార్లు జరిగింది.

ఫోన్ సంగతి వేరు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, పల్లెపల్లెకూ యూట్యూబ్ చేరింది. టీవీని కనీసం ఇంట్లో ఎవరో ఒకరు ఆపేస్తారు. ఫోన్ దిండు కింద ఉంటుంది. వేలితో పైకి తోస్తూ పోతే పదింటిలో తొమ్మిది పనికిరానివి, పదోది మాత్రం మనసును పట్టేస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి ఎప్పుడూ వచ్చే బహుమతి కంటే గట్టిగా అలవాటు చేస్తుందని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్ జంతువుల మీద ప్రయోగాలతో ఎప్పుడో చూపించారు. ఫోన్‌లో వార్తలు తోసేవాళ్లు కావాలని చేసినా చేయకపోయినా, మన వేలు ఆ సూత్రం ప్రకారమే కదులుతోంది.

శీర్షికల సంగతి కూడా తెలుసుకోవాలి. ఒక అమెరికన్ వెబ్‌సైట్ ఒకే వార్తకు రకరకాల శీర్షికలు పెట్టి, ఏదానికి ఎక్కువ క్లిక్కులు వస్తాయో పరీక్షించిన లెక్కలను పరిశోధకులు తీసుకుని 2023లో ఫలితాలు వెల్లడించారు. మామూలు పొడవున్న శీర్షికలో ఒక్క ప్రతికూల పదం పెరిగితే క్లిక్కులు 2.3 శాతం పెరిగాయి. చూడటానికి చిన్న అంకె. కానీ రోజుకు వందల శీర్షికలు పెట్టేవాళ్లకు అది డబ్బు. తెలుగు యూట్యూబ్‌లో ప్రతి రెండో వీడియో మీద "సంచలనం", "షాక్", "రచ్చ" అని ఎందుకుంటుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఊళ్లో గొడవలు మీరనుకున్నంత పెరగలేదు, గొడవ మాటలు బాగా పెరిగాయి.

ఇక వాట్సాప్. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణ పల్లెల్లో పుకార్లు పాకాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపారు, డప్పు కళాకారులతో పాటలు పాడించారు, ఫోన్‌లో వచ్చిందంతా నమ్మొద్దని ఇంటింటికీ చెప్పించారు. నాకు ఇందులో నచ్చేది ఒకటుంది. ఫోన్‌లో వచ్చిన భయానికి జవాబు ఫోన్‌లో ఇవ్వలేదు. మనుషులు నడిచి వెళ్లి, అరుగు మీద కూర్చొని మాట్లాడారు. అదే ఏడాది జులైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. చాలాసార్లు చేతులు మారిన సందేశం మీద ఇప్పుడు రెండు బాణాల గుర్తు వస్తుంది. రాజకీయ సందేశం మీద ఆ రెండు బాణాలు కనిపిస్తే, దాన్ని రాసిన మనిషికి మీరెవరో తెలియదని గుర్తు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు లేని బాధ ఒకటి మన ఊళ్లలో ఉంది. అక్కడ ఎవరితోనైనా రాజకీయంగా పడకపోతే బ్లాక్ చేసి ఊరుకోవచ్చు. ఇక్కడ పడనాయన పక్క పొలం రైతు. ఒకే బోరు కింద ఇద్దరి మడి. వాళ్లమ్మాయి పెళ్లికి మనం పోవాలి, మన ఇంట్లో చావుకు వాళ్లు రావాలి. సర్పంచి ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు గానీ, ఎవరి మనిషి ఎవరో ఊరందరికీ తెలుసు. ఊరి గ్రూపులో రాత్రి పదకొండింటికి ఎవరో ఒక వీడియో పెడతారు. కింద వరసకు అల్లుడయ్యే కుర్రాడు "మీ నాయకుడు అంతే కదా మామా" అని రాస్తాడు. పొద్దున ఇద్దరూ హోటల్ దగ్గర చాయ్ తాగాల్సిందే. నోటితో ఆ మాట అని ఉంటే నవ్వులో కలిసిపోయేది. ఫోన్‌లో రాస్తే అట్లాగే ఉండిపోతుంది, నలుగురూ మళ్లీ మళ్లీ చదువుతారు. ముంబై, పుణెకు వలస పోయిన పాలమూరు వాళ్లు అక్కడి నుంచే ఈ గ్రూపుల్లో ఉంటారు. ఊరు చేతికి అందదు, ఊరి కొట్లాట మాత్రం రోజూ అందుతుంది.

అమెరికాలో కెవిన్ స్మిత్ అనే రాజనీతి శాస్త్రవేత్త బృందం 2019లో ప్రచురించిన సర్వేలో దాదాపు 40 శాతం మంది రాజకీయం తమకు టెన్షన్ పెడుతోందని చెప్పారు. ప్రతి ఐదుగురిలో ఒకరు దానివల్ల నిద్ర పోగొట్టుకున్నామన్నారు. స్నేహాలు చెడిపోయాయన్నవాళ్లూ ఉన్నారు. మన దగ్గర స్నేహం చెడితే అది ఇద్దరితో ఆగదు, రెండు కుటుంబాలకు పాకుతుంది.

అయితే టీవీ అమ్మేయండి, ఫోన్ పక్కన పడేయండి అని చెప్పాలా? చాలామంది ఇప్పటికే ఆ దారి పట్టారు. పదుల దేశాల్లో ఏటా జరిగే రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ సర్వేలో, వార్తలను అప్పుడప్పుడైనా కావాలని తప్పించుకుంటున్నామన్నవాళ్లు 2017లో 29 శాతం, 2024లో 39 శాతం. ఆ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ నల్లగొండ లాంటి చోట రాజకీయాన్ని పూర్తిగా వదిలేయమని నేను చెప్పలేను. కారణం 1996.

ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర పోతున్న పల్లెల గోడు ఢిల్లీకి వినిపించాలని, దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి జనంతో నామినేషన్లు వేయించింది. బ్యాలెట్ పత్రం పుస్తకం అయింది. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. మిగతావాళ్లలో చాలామందికి గెలుస్తామన్న ఆశే లేదు, వాళ్లకు కావాల్సింది నీళ్లు. దేశమంతా నల్లగొండ వైపు తిరిగి చూసింది. అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు.

ఆ నామినేషన్లు వేసినవాళ్లు అలసిపోలేదా? ఖచ్చితంగా అలసిపోయి ఉంటారు. చెరువు పూడిక తీసినవాడికీ ఒళ్లు నొప్పులుంటాయి, గట్టు మీద నిలబడి రోజంతా తగువు చూసినవాడికీ తలనొప్పి ఉంటుంది. మొదటివాడికి రాత్రి నిద్ర పడుతుంది. నిస్సహాయత మీద మనస్తత్వ శాస్త్రజ్ఞులు మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ 1967లో కుక్కలపై చేసిన ప్రయోగాలు ఇటువైపే చూపిస్తాయి. కరెంటు షాక్‌ను ఆపుకునే వీలున్న కుక్కలు తర్వాత కూడా తప్పించుకునే ప్రయత్నం చేశాయి. అంతే షాక్ తగిలినా ఆపుకునే వీలు లేని కుక్కల్లో ఎక్కువ భాగం ఆ తర్వాత దారి తెరిచి ఉన్నా కదలకుండా పడుకున్నాయి. దెబ్బ రెండింటికీ సమానమే. తన చేతిలో ఏదైనా ఉందా లేదా అన్నదే తేడా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచి సలహాలు చెప్పడం నాకు ఇష్టం లేదు. బ్రెట్ ఫోర్డ్, మాథ్యూ ఫైన్‌బర్గ్ తదితరులు అమెరికన్లతో చేసిన పరిశోధన 2023లో వచ్చింది. రోజువారీ రాజకీయం మనసును చెడగొడుతోందని తేలింది. ఆ చెడును మనసులోంచి తీసేసుకోగలిగినవాళ్లు ఆ రోజు హాయిగా ఉన్నారు. కానీ రాజకీయంగా ఏదైనా చేయాలన్న పట్టుదల కూడా వాళ్లలో తగ్గింది. అంటే కోపం పూర్తిగా చల్లారిపోతే పనీ ఆగిపోతుంది. 1996లో నల్లగొండ జనానికి ఎవరో మనసును ప్రశాంతంగా ఉంచుకోమని బోధించి ఉంటే ఆ నామినేషన్లు పడేవి కావు. కోపాన్ని కొంచెం ఉంచుకోవాలి, దాన్ని టీవీ ముందు ఖర్చు చేయకూడదు.

ఆచరణలో మొదట మార్చాల్సింది రాత్రి. తొమ్మిది తర్వాత వచ్చే రాజకీయ వార్తలో మీరు ఆ రాత్రే చేయాల్సింది ఏదీ ఉండదు. ఓట్ల లెక్కింపు కూడా ఎక్కువగా పగలే జరుగుతుంది. ఫోన్‌ను పడక గదిలో కాకుండా ముందు గదిలో ఛార్జింగ్ పెట్టండి. అలారం కోసమే పక్కన పెట్టుకుంటున్నామంటే చిన్న గడియారం కొనుక్కోండి. పొద్దున చాయ్‌తో పాటు పేపర్ చదివే అలవాటు ఉన్న పెద్దలను మన ఇళ్లలో కాస్త చిన్నచూపు చూస్తున్నారు గానీ, వాళ్లకు ఈ బాధ తక్కువ. పేపర్‌కు చివరి పేజీ ఉంటుంది. జిల్లా పేజీలో మీ మండలం వార్త ఉంటుంది. రాసినవాళ్లకు ఒక రాత్రి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

గ్రూపులోంచి బయటికి రావడం ఊళ్లో పెద్ద గొడవ. "ఫలానా ఆయన లెఫ్ట్" అని గ్రూపు అడ్మిన్లకు తెలుస్తుంది, మర్నాడు సంజాయిషీ చెప్పుకోవాలి. దాని బదులు మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పెట్టండి, ఎవరికీ తెలియదు. ఎవరైనా చనిపోతే, పాల కేంద్రం వేళ మారితే చూసుకోవడానికి సాయంత్రం ఒకసారి తెరిస్తే చాలు. వరసైనవాళ్లతో వాదన మొదలైతే రాతలో కొనసాగించకండి. "రేపు కలిసినప్పుడు మాట్లాడుకుందాం బావా" అని రాసి వదిలేయండి. కలిశాక ఆ మాటే ఎత్తరు, ఎత్తినా గొంతు తగ్గే ఉంటుంది.

రైతుల కష్టం ప్రత్యేకంగా చెప్పాలి. వార్తలు చూడకుండా ఉండే సౌకర్యం వాళ్లకు లేదు. రైతు భరోసా పైసలు ఎప్పుడు పడతాయి, సన్న వడ్ల బోనస్ వస్తుందా, సాగర్ ఎడమ కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, మిర్యాలగూడ మిల్లుల్లో ధర ఎంత పలుకుతోంది. ఇవన్నీ బతుకుతెరువు కబుర్లు. కానీ ఈ ఒక్క ముక్క కోసం గంటసేపు తిట్లు వినాల్సి వస్తోంది. పథకం వార్త టీవీలో వస్తే అది ఎక్కువగా ప్రకటనో, దాని మీద విమర్శో అవుతుంది. మన ఖాతాకు వర్తిస్తుందా లేదా అన్నది అందులో ఉండదు. అది క్లస్టర్ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారికి తెలుస్తుంది, వడ్ల సంగతి కొనుగోలు కేంద్రం నడిపే మహిళా సంఘం వాళ్లకు తెలుస్తుంది. వాళ్ల నంబర్లు ఫోన్‌లో ఉంటే ఏడు గంటల చర్చతో పని లేదు.

కోపం తెప్పించిన వార్తల్లో ఒక్కదాన్ని పట్టుకుని మీ ఊరికి తెచ్చుకోండి. నిధులు మింగేశారన్న చర్చ విని మండిపోతుంటే, మీ వాడలో మురుగు కాలువకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. జరగకపోతే అడగండి, జరిగితే వెళ్లి లేచి మాట్లాడండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అన్ని పనులూ అవుతాయని కాదు. అర్జీ ఇచ్చి మూడుసార్లు తిరిగినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అయినా వాళ్ల అలసట వేరుగా ఉంటుంది. ఎవరు సంతకం పెట్టాలో, ఫైలు ఎక్కడ ఆగిందో వాళ్లు చెప్పగలరు. "అందరూ అందరే" అన్న మాట వాళ్ల నోట అంత తొందరగా రాదు.

మండల విలేకరులు, పార్టీ కార్యకర్తలు, బూత్ ఏజెంట్లుగా తిరిగే కుర్రాళ్ల గురించి ఎవరూ పట్టించుకోరు. వాళ్లకు ఇది వృత్తి, వదల్లేరు. ఇంట్లోవాళ్లు వాళ్లను వచ్చీ రాగానే "ఏంది కథ, ఎవరు గెలుస్తరు" అని అడగకుండా ముందు అన్నం పెట్టడం పెద్ద సాయం.

ఇంకో మాట. కొందరిలో వార్తలు సాకు మాత్రమే, లోపల ఇంకేదో ఉంటుంది. ఫోన్ పక్కన పెట్టి రెండు వారాలైనా నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఇష్టమైన పని మీద మనసు పోకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బతకాలని అనిపించకపోవడం ఉంటే అది రాజకీయ అలసట అనుకుని వదిలేయకూడదు. 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టాల్సిన పని లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది. మీ ఇంట్లో పెద్దాయన "నాకేం పిచ్చా" అని మొండికేస్తే, నిద్ర పట్టడం లేదని చూపించుకుందాం రా నాయినా అని తీసుకుపోండి. డాక్టర్ దగ్గర నిద్ర నుంచే మాట మొదలవుతుంది, మిగతావి ఆయనే అడుగుతారు.